పేరు పెట్టడం, పూచీ పడడం

(యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం: ముద్రిత పాఠం)

 ఈ సాయంత్రం నేను చెప్పబోయేది ఎక్కువగా, వెనక వరుసలే పదిలమని అక్కడ సర్దుకున్న పరిశోధక విద్యార్థులకే. ముందు వరుసల వారికి ఇవన్నీ తెలిసినవే. తెలిసి ఊరుకున్నవి కూడా కొన్ని ఉండవచ్చు.

సుబ్బారావుగారి పేరున ఉపన్యాసం అనగానే ఆయన పనితో ముడిపడిన మందుల జాబితా వినిపిస్తుందని ఎదురుచూస్తారు. ఫోలిక్ ఆమ్లం, బోదకాలుకు వాడే హెట్రజాన్, ఆరియోమైసిన్. ఆ జాబితా మనవాళ్లకు కంఠతా వచ్చు. నేను వేరే సంగతి ఎత్తుకుంటాను. ఆయన పేరు ఏ పత్రం మీద అచ్చయింది, ఎక్కడ అచ్చు కావలసి ఉండి కాలేదు, అచ్చయిన చోట ఎన్నో స్థానంలో ఉంది? పరిశోధనను అచ్చువేసేవారికి ఉండవలసిన నీతి గురించి మాట్లాడుకోవడానికి ఆ చరిత్ర ఒక్కటే చాలినంత ఉంది.

1895లో భీమవరంలో పుట్టిన మనిషి 1920లలో బోస్టన్ చేరి, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ దగ్గర పనిచేశారు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో నీలిరంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని ఇద్దరూ కలిసి 1925లో ప్రచురించారు. దాన్ని నేటికీ ఫిస్క్-సుబ్బారావ్ పద్ధతి అనే అంటారు. బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్స్ చేసినవారిలో చాలామంది చేతులకు ఆ నీలం అంటే ఉంటుంది. ఆ కొలత చేతిలో ఉండబట్టే 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్ దొరికింది. కండరం కదలడానికి శక్తి ఎక్కడిదన్న విషయంలో అప్పటికి నోబెల్ కూడా అందుకున్న సిద్ధాంతం దానితో కదిలింది. 1929లో, జీవకణాలు శక్తి కోసం వాడుకునే ఏటీపీ అనే పదార్థం మీద పత్రం వచ్చింది. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని ప్రకటించడంతో పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరే ముందు నిలిచింది. ఇందులో ఎవరి తప్పూ లేదు, ఒకే కాలంలో ఇద్దరు ఒకే చోటికి చేరడం సైన్సులో మామూలే.

తప్పు ఉన్నదల్లా ఆ తర్వాతి సంగతిలో. హార్వర్డ్‌లో ఫిస్క్ విభాగంలోనే అప్పట్లో విద్యార్థిగా ఉండి, 1988లో నోబెల్ అందుకున్న జార్జ్ హిచింగ్స్ తరువాతి కాలంలో ఒక మాట బయటపెట్టారు. సుబ్బారావు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్లను చాలా ఏళ్ల తర్వాత ఇతరులు మళ్లీ మొదటినుంచి కనుక్కోవలసి వచ్చిందని, ఫిస్క్ అసూయతో వాటిని వెలుగు చూడనివ్వలేదని ఆయన భావం. ఫిస్క్ వైపు వాదన మనకు అందలేదు కనుక అసూయ అన్న మాటను హిచింగ్స్ అభిప్రాయంగానే తీసుకుందాం. అయితే అచ్చు కాకుండా బల్లసొరుగులో ఉండిపోయిన పని వల్ల నష్టం సుబ్బారావు ఒక్కరికే కాలేదు. అదే పదార్థం కోసం మళ్లీ సీసాలు కడిగి, మళ్లీ జంతువుల కండరాలు నూరినవాళ్ల ఏళ్లన్నీ ఆ సొరుగు ఖాతాలోకే వస్తాయి. ప్రచురణ నీతి అంటే దొంగ రాతలు రాయకపోవడమేనని మనం అనుకుంటాం. తేలిన విషయాన్ని తొక్కిపెట్టకపోవడం కూడా అందులో భాగమే. గైడు బల్ల మీద రెండేళ్లు పడి ఉన్న విద్యార్థి రాతప్రతి ఇక్కడ ఎంతమందికి గుర్తొస్తోందో నేను అడగను.

ఇప్పుడు రెండో దృశ్యం చూడండి. 1940లో ఆయన లెడర్లీ అనే మందుల సంస్థకు మారారు, అక్కడ పరిశోధనకు అధిపతి అయ్యారు. ఫోలిక్ ఆమ్లం నిర్మాణాన్ని, తయారీని ప్రకటించిన 1946 నాటి 'సైన్స్' పత్రం మీద 16 మంది పేర్లున్నాయి. ఎనిమిదేసి మంది చొప్పున రెండు వరుసలు, ఏ వరుసకు ఆ వరుస అక్షరక్రమంలో. అధిపతి సుబ్బారావుగారి పేరు మొదటి వరుసలో ఏడోది. ఇంగ్లీషు అక్షరమాలలో 'ఎస్' ఎక్కడుంటే అక్కడ. 1948 జూన్‌లో సిడ్నీ ఫార్బర్ బృందం పిల్లల లుకేమియా మీద అమినోప్టెరిన్ ప్రయోగాన్ని ప్రచురించింది. ఆ మందు సుబ్బారావు బృందం తయారుచేసి ఇచ్చినదే. పత్రం మీద మాత్రం ఆయన పేరు లేదు. ఉండనక్కరలేదు కూడా. పిల్లలకు మందు ఇచ్చి, రక్తం పరీక్షించి, ఫలితానికి జవాబు చెప్పవలసినవారు బోస్టన్ వైద్యులు. ఆ పత్రంలో నాకు నచ్చే సంగతి ఇంకొకటి ఉంది. 16 మంది పిల్లల్లో 10 మందికి మేలు కనిపించింది. అప్పటిదాకా ఏ మందుకూ లొంగని జబ్బు. అంత పెద్ద కబురు చేతిలో ఉండి కూడా, ఆ ఉపశమనం తాత్కాలికమేనని శీర్షికలోనే రాసుకున్నారు. ఈనాటి పత్రికా ప్రకటనల పక్కన ఆ శీర్షికను పెట్టి చూడండి. సుబ్బారావుగారు ఆ ఆగస్టులో కన్నుమూశారు.

మన దగ్గర పలకరింపే వేరు. "ఈ ఏడు ఎన్ని పేపర్లు వేశారండీ?" అంటాం. పేపరు వేయడం విత్తనం వేయడంలాగా, దస్తావేజు రాయించుకోవడంలాగా ఒక ఆస్తి వ్యవహారం అయిపోయింది. 2010లో విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం (యూజీసీ) అధ్యాపకుల పదోన్నతికి పాయింట్ల లెక్క తెచ్చాక ఆ ధోరణికి చట్టబద్ధత కూడా వచ్చింది. పేరుకు ఇన్ని పాయింట్లు, మొదటి పేరైతే ఇన్ని, తరవాతి పేరైతే ఇన్ని. ఆ పట్టికలు గీసినవారి ఉద్దేశం మంచిదే అయి ఉంటుంది, పని చేయనివారిని పని చేయించాలని. జరిగింది ఏమిటంటే, పేరు అనేది పంచుకోదగిన వస్తువు అయింది. శాఖాధిపతికి ఒకటి, పరికరం వాడుకోనిచ్చిన ల్యాబు పెద్దకు ఒకటి, పదోన్నతి ఇంటర్వ్యూ దగ్గరపడ్డ మిత్రుడికి ఒకటి.

నా దృష్టిలో పత్రం మీద పేరు ప్రామిసరీ నోటు మీద పెట్టే జామీను సంతకం. పల్లెల్లో పెద్దవాళ్లు ఒక మాట గట్టిగా చెప్పేవారు: అప్పు చేసినా చెయ్యి గాని, ఒకడి అప్పుకు ఊరికే సంతకం పెట్టకు అని. సంతకం పెట్టినప్పుడు కాఫీ ఇస్తారు. అసలువాడు ఊరు విడిచి పోయిన రోజున కోర్టు అమీనా వచ్చేది మన గుమ్మంలోకే. ఇందులో ఉన్న లెక్క పరిశోధకులకు ఎందుకు తలకెక్కదో చెప్పడానికి మన దేశంలోనే జరిగిన ఒక కథ ఉంది. కాస్త విపులంగా చెప్పనివ్వండి.

చండీగఢ్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయంలో విశ్వజిత్ గుప్తా అనే శిలాజ శాస్త్రవేత్త ఉండేవారు. 1960ల నుంచి పాతికేళ్ల పాటు హిమాలయాల్లో దొరికాయంటూ శిలాజాలను వర్ణిస్తూ మూడు వందలకు పైగా పత్రాలు ప్రచురించారు. శిలాజం అంటే రాతి పొరకు పుట్టిన తేదీ లాంటిది. కోనోడాంట్ అనే, సూక్ష్మదర్శినిలో తప్ప కనపడని పళ్లలాంటి అవశేషం ఒక పొరలో దొరికితే ఆ పొర ఇన్ని కోట్ల ఏళ్ల నాటిదని, ఆ కాలంలో అక్కడ ఫలానా సముద్రం ఉండేదని చెప్పవచ్చు. కాశ్మీరు నుంచి నేపాల్ దాకా కొండల వయసు గురించి చెప్పేవాళ్లందరూ గుప్తా పత్రాలను ఉదహరిస్తూ పోయారు. ఆయనతో పాటు పేరు పెట్టినవారు వంద మందికి పైనే. అందులో యూరపులోనూ అమెరికాలోనూ పేరుపడ్డ నిపుణులున్నారు.

ఆస్ట్రేలియాలోని మెక్వారీ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ టాలెంట్‌కు అనుమానం వచ్చింది. వందల కిలోమీటర్ల దూరంలో, వేరువేరు లోయల్లో దొరికాయని చెప్పిన కోనోడాంట్లు ఒకే గంప నుంచి తీసినట్టున్నాయి. రంగు, నునుపు, జాతుల కలయిక అన్నీ ఒకటే. పైగా అవి అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో ఆమ్స్‌డెల్ క్రీక్ అనే వాగు దగ్గర ఎప్పటినుంచో దొరుకుతున్న వాటిలా ఉన్నాయి. హిమాలయాల్లో దొరికాయని గుప్తా చెప్పిన అమ్మోనాయిడ్ శిలాజాలు మొరాకోవి. అవి యూరపు నగరాల్లో రాళ్ల దుకాణాల్లో పర్యాటకులకు అమ్మే రకం. టాలెంట్ 1987లో కెనడాలోని కాల్గరీలో శాస్త్రవేత్తల సదస్సులో ఈ సంగతి బయటపెట్టారు. మరుసటి ఏడు ఇద్దరు భారతీయ భూశాస్త్రవేత్తలతో కలిసి వివరంగా రాశారు. 1989 ఏప్రిల్‌లో 'నేచర్' పత్రిక దాన్ని లోకానికి చాటింది. గుప్తా ఖండించారు. అదే శాఖలో పనిచేస్తూ ఒకప్పుడు ఆయనతో కలిసి పత్రాలు రాసిన అరుణ్‌దీప్ అహ్లూవాలియా మాత్రం బహిరంగంగా టాలెంట్ పక్షాన నిలబడ్డారు. ఒకే కారిడార్లో రోజూ ఎదురుపడవలసిన మనిషికి వ్యతిరేకంగా అలా నిలబడడం ఎంత కష్టమో విశ్వవిద్యాలయాల్లో పనిచేసినవారికి వేరే చెప్పాలా?

నాకు గుప్తా కన్నా ఆ వంద మందికి పైగా ఉన్న సహరచయితలే ఎక్కువ ఆలోచన పుట్టిస్తారు. వాళ్లు దొంగలు కారు. ఎక్కువమంది చేసింది ఇది: పోస్టులో ఒక పొట్లం వస్తుంది, అందులో శిలాజాలు. ఫలానా లోయ, ఫలానా ఊరి దగ్గర అని ఒక చీటీ. నిపుణుడు సూక్ష్మదర్శిని కింద పెట్టి, ఇది ఫలానా జాతి అని నిజాయితీగా, నిర్దుష్టంగా గుర్తించి రాస్తాడు. ఆ గుర్తింపులో పొరపాటు లేదు. పత్రంలో ఉన్న మిగతా సగం, అంటే ఈ రాయి ఎక్కడిది అన్నది, గుప్తా మాట. ఆ సగం చూడడం తన పని కాదనుకున్నాడు నిపుణుడు. గుర్తింపు అంత పెద్దాయన చేశాడు కదా, ఇంకేం కావాలి అనుకున్నాడు పాఠకుడు. ఇద్దరి నమ్మకాల మధ్య సందులో పాతికేళ్ల అబద్ధం హాయిగా కాపురం చేసింది. ఆ పత్రాలను పరిశీలించిన సమీక్షకులు కూడా రాయిని చూస్తారు, బొమ్మను చూస్తారు, కొండెక్కి చూడరు. చూడలేరు. అందుకే పీర్ రివ్యూ మీద మనకున్న భక్తి కొంచెం తగ్గించుకోవడం మంచిదంటాను. లోపలి తర్కంలో తేడా ఉంటే అది పట్టుకోగలదు, రాయి ఎక్కడిదో చెప్పలేదు. అది చెప్పగలిగినవాళ్లు పత్రం మీద పేర్లున్నవాళ్లే.

విశ్వవిద్యాలయ విచారణలో గుప్తా దోషిగా తేలారు. ఉద్యోగం మాత్రం పోలేదు, 2002లో మామూలుగా పదవీ విరమణ చేశారు. ఆ పత్రాల నుంచి అల్లుకుపోయిన ఉల్లేఖనాలను ఏరివేసే పని హిమాలయాల మీద పనిచేసే తరవాతి తరం మీద పడింది.

పొట్లాలు పోస్టులో వచ్చే కాలం పోయింది, ఇప్పుడు అన్నీ కంప్యూటర్లో ఉంటాయి, అలాంటిది మళ్లీ జరగదు అనుకుంటారేమో. 2020 మే 22న 'లాన్సెట్' ఒక పత్రం వేసింది. ఆరు ఖండాల్లోని 671 ఆసుపత్రులు, 96,032 మంది కోవిడ్ రోగులు. హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడినవారిలో మరణాలు ఎక్కువని అందులో తేల్చారు. మూడు రోజులకల్లా ప్రపంచ ఆరోగ్య సంస్థ తన పరీక్షల్లో ఆ మందు వాడకాన్ని తాత్కాలికంగా ఆపింది. జూన్ 4న పత్రం వెనక్కి పోయింది. సమాచారమంతా సర్జిస్ఫియర్ అనే చిన్న కంపెనీది, దాని యజమాని రచయితల్లో ఒకరు. బయటివారికి అసలు దత్తాంశం చూపడానికి కంపెనీ ఒప్పుకోకపోయేసరికి, మిగిలిన ముగ్గురు రచయితలు తాము ఇక పూచీ పడలేమని పత్రాన్ని ఉపసంహరించారు. వాళ్లు పేరుపొందిన సంస్థల వైద్యులు. అచ్చయ్యాక అడిగిన ప్రశ్న అచ్చుకు ముందు అడిగి ఉంటే రెండు వారాల ప్రపంచవ్యాప్త గందరగోళం ఉండేది కాదు. ఆ మందు తర్వాతి సరైన పరీక్షల్లో కోవిడ్‌కు పనికిరాదనే తేలింది, అది వేరే సంగతి. అబద్ధపు దారిలో వెళ్లి సరైన ఊరు చేరినా ఆ దారిని మనం మెచ్చుకోకూడదు.

యంత్రాల విషయంలో ఈ పూచీ మాట ఇంకా స్పష్టంగా తేలిపోయింది. చాట్‌జీపీటీ వచ్చిన కొత్తల్లో కొందరు దాన్ని సహరచయితగా చేర్చారు. 2023 జనవరిలో 'నేచర్', 'సైన్స్' పత్రికలు రెండూ అది కుదరదన్నాయి. 'నేచర్' చెప్పిన కారణం బాగుంటుంది: రచయిత అంటే రాసినదానికి జవాబుదారీ వహించేవాడు, యంత్రం వహించలేదు. ఆ కొలత పెడితే మన శాఖల్లో పేర్లు పెట్టుకునే మనుషులు ఎంతమంది రచయితలుగా మిగులుతారో లెక్క వేసుకోవచ్చు.

సంతకాల గురించే మాట్లాడుతున్నాం కాబట్టి, పత్రం పైనున్న సంతకాలతో పాటు దాని అడుగున ఉండే సంతకాల మాట కూడా చెప్పుకోవాలి. ఇది మన గడ్డ మీద జరిగింది. 2009లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, గుజరాత్‌లోని వడోదరలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా మీద పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి ఒక అధ్యయనం చేపట్టాయి. ఖమ్మంలో దాదాపు 14,000 మంది ఆడపిల్లలు, వారిలో చాలామంది భద్రాచలం వైపు గిరిజన హాస్టళ్లలో చదువుకునేవారు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో అధ్యయనం ఆగిపోయింది. ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. టీకా మంచిదే, ఇప్పుడు చాలా దేశాల్లో వేస్తున్నారు. అందుకే ఈ ఉదాహరణ నాకు ముఖ్యం. వస్తువు మంచిదైనంత మాత్రాన పద్ధతి మంచిది అయిపోదు. విచారణలో పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 మీద సంతకాలు హాస్టల్ వార్డెన్లవి. 1,948 మీద వేలిముద్రలు. అమ్మానాన్నలు పెట్టవలసిన సంతకం వార్డెనమ్మ పెట్టేసింది. ఆమెను తిట్టి లాభం లేదు, పైనుంచి కాగితాలు వచ్చాయి, నింపి పంపమన్నారు, పంపింది.

ఇది పరిశోధన కాదు, లైసెన్సు వచ్చిన టీకా పంపిణీని గమనించే ప్రాజెక్టు మాత్రమేనని నిర్వాహకుల వాదన. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దాన్ని ఒప్పుకోలేదు. నా బాధల్లా ఇలాంటి పని అచ్చులోకి వచ్చేటప్పుడు ఏమవుతుందన్నది. పత్రాల చివర ఒక అలవాటు వాక్యం ఉంటుంది: పాల్గొన్నవారి నుంచి, లేదా వారి సంరక్షకుల నుంచి సమ్మతి తీసుకున్నాం అని. సంపాదకుడు ఆ వాక్యం ఉందా లేదా అని చూస్తాడు. ఆ వాక్యం కింద భద్రాచలం దగ్గరి ఏ హాస్టల్లో ఎవరు కూర్చుని ఎన్ని కాగితాలు ఒకే పెన్నుతో నింపారో అతనికి తెలిసే మార్గం లేదు. 1966లో హార్వర్డ్ వైద్యుడు హెన్రీ బీచర్ అనైతిక ప్రయోగాలకు 22 ఉదాహరణలు ఇస్తూ ఒక వ్యాసం రాశారు. ఆ ఉదాహరణలను ఆయన రహస్య దస్త్రాల నుంచి తవ్వి తీయలేదు. అప్పటికే పత్రికల్లో అచ్చయి, సాటివారు చదివి, ఉల్లేఖించిన పత్రాల నుంచే ఏరారు. అందరూ చూశారు, ఎవరికీ అందులో మనుషులు కనపడలేదు.

తెలుగు, చరిత్ర, సామాజిక శాస్త్రాల వారు ఇదంతా తెల్లకోట్ల వాళ్ల గొడవ అనుకుంటూ వింటున్నట్టున్నారు. ఒగ్గుకథ మీద, బుర్రకథ మీద, తండాల పాటల మీద వచ్చిన సిద్ధాంత గ్రంథాలు పరీక్షకుడిగా నేను కొన్ని చదివాను. రాత్రంతా కూర్చుని పాడి వినిపించిన మనిషి పాట మొత్తం అనుబంధంలో ఉంటుంది. అట్ట మీద సేకర్త పేరు. పాడిన ఆమె పేరు ఎక్కడో అడుగున 'ఒక వృద్ధురాలు' అని. కొన్నిటిలో అదీ ఉండదు. ఆ పాటలో ఒక్క చరణం ఆ వృద్ధురాలు సొంతంగా కట్టి ఉంటే, అది ఎవరి రచన? దీనికి తయారు జవాబు లేదు. కొందరు పాడేవాళ్లు పేరు వేయవద్దనే అంటారు, వాళ్లకు ఊళ్లో ఇబ్బంది ఉంటుంది. అడిగామా లేదా అన్నదే అసలు విషయం.

ఇక కాపీ గురించి నాలుగు మాటలు, ఎందుకంటే ప్రచురణ నీతి అని సభ పెడితే జనం వచ్చేది దాని కోసమే. 2018లో యూజీసీ నిబంధనలు తెచ్చింది. ఇతరుల రాతతో పోలిక 10 శాతం లోపు ఉంటే శిక్ష లేదు, 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు, మధ్యలో రెండు మెట్లు. కొలవడానికి సాఫ్ట్‌వేర్. ఆ రోజు నుంచి స్కాలర్ల మధ్య సంభాషణ మారిపోయింది. "ఎంత వచ్చింది?" "పదిహేడు." "తగ్గించెయ్, చేసిపెట్టేవాళ్లున్నారు." విశ్వవిద్యాలయాల గేట్ల బయట జిరాక్సు, బైండింగు చేసే డీటీపీ సెంటర్లలోనే ఇప్పుడు శాతం తగ్గించడం కూడా ఒక సేవ. ఒకరి ఆలోచనను పూర్తిగా ఎత్తుకుని ప్రతి మాటా మార్చి రాస్తే శాతం సున్నా. తన పద్ధతిని తానే నిజాయితీగా మళ్లీ వివరిస్తే శాతం ఎక్కువ. జ్వరం కొలిచే గొట్టాన్ని మందు అనుకుని మింగించినట్టు అయింది వ్యవహారం.

డబ్బు పుచ్చుకుని ఏది ఇస్తే అది అచ్చువేసే పత్రికల సంగతి మీకు నాకన్నా బాగా తెలుసు. రోజూ మీ మెయిల్లోకి 'గౌరవనీయ డాక్టర్ గారికి' అంటూ వస్తాయి. ఒక అధ్యయనం 2014లో ఇలాంటి పత్రికల్లో 4.2 లక్షల వ్యాసాలు వచ్చాయని అంచనా వేసింది. రచయితల్లో మూడింట ఒక వంతు భారతీయులే. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఒమిక్స్ ప్రచురణ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు వేసింది. సమీక్ష జరుగుతుందని నమ్మబలికి, రుసుముల సంగతి దాచి రచయితలను మోసగించిందని నెవాడా ఫెడరల్ కోర్టు తేల్చి, 2019లో 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. 2018 మేలో యూజీసీ తన ఆమోదిత జాబితా నుంచి 4,305 పత్రికలను ఒక్కసారిగా తీసేసింది. తర్వాత కేర్ అనే కొత్త జాబితా పెట్టింది. 2025లో దాన్నీ ఎత్తేసి, మంచి పత్రిక ఏదో మీరే తేల్చుకోండని విశ్వవిద్యాలయాలకు వదిలేసింది. ఈ మొత్తం వ్యవహారంలో స్టైపెండు మిగుల్చుకుని కొన్ని వేలు కట్టి పేపరు వేయించుకున్న విద్యార్థి మీద నాకు పెద్దగా కోపం లేదు. థీసిస్ ఇవ్వాలంటే పేపరు అచ్చు కావాలని నిబంధన పెట్టింది అతను కాదు. 2022లో ఆ నిబంధన తీసేసేదాకా ఏళ్ల తరబడి దాన్ని అడ్డం పెట్టుకుని నడిచిన వ్యాపారంలో ఆ పేపర్ల మీద రెండో పేరు గైడుదే. ఆయన పత్రిక పేరైనా చదివి పెట్టారా సంతకం?

చివరిగా, తప్పు బయటపడ్డాక చేయవలసిన పని. 1998లో 'లాన్సెట్'లో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ 12 మంది పిల్లలతో వేసిన పత్రం ఎంఎంఆర్ టీకాకు ఆటిజంకు సంబంధం ఉందన్న భయాన్ని పుట్టించింది. దాన్ని పత్రిక పూర్తిగా ఉపసంహరించింది 2010లో. ఈ పన్నెండేళ్లలో ఆ భయం ఖండాలు దాటింది. ఇప్పుడు మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే టీకా భయాల్లోనూ దాని పోలికలు కనిపిస్తాయి. దీనికి ఎదురుగా ఇంకొకటి పెట్టి చూడండి. ఫ్రాన్సెస్ ఆర్నాల్డ్‌కు 2018లో రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది. 2019 మేలో ఆమె బృందం ఎంజైముల మీద 'సైన్స్'లో ఒక పత్రం వేసింది. ఫలితాలు మళ్లీ రాలేదు. ల్యాబు నోట్‌బుక్కులు తిరగేస్తే కీలకమైన ప్రయోగాల నమోదు లేదు. 2020 జనవరిలో పత్రాన్ని వెనక్కి తీసుకున్నారు. పత్రం పంపేటప్పుడు తను పనుల్లో మునిగిపోయి తన బాధ్యత సరిగా చేయలేదని, క్షమించమని ఆమె తనే అందరికీ ప్రకటించారు. విద్యార్థి మీదికి నెట్టలేదు. ఏడాది తిరిగేసరికి అమెరికా అధ్యక్షుడి సైన్సు సలహా మండలికి సహాధ్యక్షురాలిగా ఆమెను ఎంపిక చేశారు.

మన నిబంధనల్లో తానై వచ్చి తప్పు దిద్దుకున్నవాడికీ, పట్టుబడ్డవాడికీ తేడా చూపే చోటు లేదు. వెనక్కి తీసుకున్నానని ఒప్పుకుంటే పాయింట్లు పోతాయి, పోతే పదోన్నతి ఆగుతుంది, అందుకని నోరు మూసుకుంటారు. ఈ సభలో బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులు, డీన్లు ఉన్నారు. వారికి ఒక విన్నపం. 2019 నుంచి పీహెచ్‌డీ కోర్సువర్కులో పరిశోధన, ప్రచురణ నీతి మీద రెండు క్రెడిట్ల పేపరు తప్పనిసరి అయింది. దాన్ని ముప్పై గంటల పవర్‌పాయింట్‌గా ముగించకండి. ప్రతి థీసిస్‌లోనూ, శాఖ నుంచి వెళ్లే ప్రతి పత్రంలోనూ ఒక పేజీ అడగండి: ఎవరు ఏ పని చేశారు, అసలు దత్తాంశం ఏ గదిలో ఏ బీరువాలో ఉంది, ఎన్నేళ్లు ఉంటుంది, దాన్ని తెరిచి చూసిన సహరచయిత ఎవరు. హాస్టల్ గది ఖాళీ చేసేటప్పుడు స్కాలరు ఫీల్డ్ నోట్‌బుక్కులు పాతపేపర్ల బండి ఎక్కిపోవడం నేను చూశాను. ఆ పేజీ ఉంటే కనీసం అది ఏ తేదీన ఎక్కిందో అయినా రాసి ఉంటుంది.

నేను చెప్పదలచింది అయిపోయింది. వెనక వరుసల వాళ్లు ముందుకు రండి, మీ ప్రశ్నలు వింటాను.